మాడిసన్ ఫెలోషిప్‌కి అప్లై చేయనా? సివిక్స్ చెప్పే టీచర్లు ఒక మాట చెప్పండి

టెక్సస్_టీచరమ్మ – జనవరి 10, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడికి వచ్చి చదువుకుని వెళ్లిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

డాలస్ దగ్గర ఒక మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్తాను. ఇది ఆరో ఏడు. ఇండియాలో బీఎస్సీ, బీఈడీ చేశాను. ఇక్కడికొచ్చాక హెచ్4 డిపెండెంట్ వీసా మీద చాలా ఏళ్లు ఇంట్లోనే ఉన్నాను. వర్క్ పర్మిట్ రాగానే సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా చేరి, తర్వాత ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ పూర్తిచేశాను. సైన్సులో ఖాళీ లేదు, సోషల్ చెప్తావా అన్నారు. తలూపాను. రెండేళ్ల కిందట సిటిజన్‌షిప్ కూడా వచ్చింది.

ఇక్కడ ఎనిమిదో తరగతి సోషల్ అంటే వలస రాజ్యాల దగ్గర మొదలై అంతర్యుద్ధం, ఆ తర్వాతి పునర్నిర్మాణం దాకా. రాజ్యాంగం మధ్యలో వస్తుంది. ఏడాది చివర రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష టెన్షన్ ఉండనే ఉంది.

పోయిన నెల ఐదింట మూడు వంతుల రాజీ పాఠం చెప్తున్నాను. రాజ్యాంగం రాసిన సభలో బానిసల్ని మనిషికి ఐదింట మూడు వంతులుగా లెక్కగట్టి ప్రతినిధుల సభలో సీట్లు పంచుకున్నారే, అది. వెనక బెంచీ పిల్ల చెయ్యెత్తి, "మిస్, ఆ గదిలో దీనికి ఒప్పుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంది. ఉన్నారన్నాను. "ఎవరు?" అంది. నాకు తెలియదు. పుస్తకంలో ఉన్న రెండు వాక్యాలే మళ్లీ చెప్పాను. ఆ పిల్ల నోట్సు మూసేసింది. చిన్న విషయమే, కానీ ఆ మూసిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ జేమ్స్ మాడిసన్ ఫెలోషిప్ గురించి చెప్పింది. సివిక్స్, గవర్నమెంట్, అమెరికా చరిత్ర చెప్పే టీచర్లు మాస్టర్స్ చేయడానికి 24 వేల డాలర్ల దాకా ఇస్తారట. మార్చి 1 ఆఖరు తేదీ. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, మామగారి ఆరోగ్యం... వీటన్నిటి మధ్య ఇది అయ్యే పనేనా? ఎవరైనా చేసినవాళ్లున్నారా?


కోడ్‌బాబు – జనవరి 10, రాత్రి 11:15

అక్కా, ఏమీ అనుకోనంటే ఒక మాట. 24 వేల కోసం ఐదేళ్లు రాత్రులు చదివి, మళ్లీ అదే క్లాసులో అదే జీతానికి నిలబడతావు. అదే కష్టం క్లౌడ్ సర్టిఫికేషన్ల మీద పెడితే ఏడాదిలో రెట్టింపు తెచ్చుకోవచ్చు. మా వదిన టీచింగ్ వదిలేసి టెస్టింగ్‌లోకి వచ్చింది, హాయిగా ఉంది.


జేవన్_లెక్కలు – జనవరి 11, ఉదయం 6:20

నేను నార్త్ కరోలినాలో జే1 వీసా మీద లెక్కలు చెప్తున్నా. మాకు ఇది వర్తిస్తుందా? మాతో పాటు సోషల్ చెప్పే ఒకావిడ కూడా అడగమంది.


ఒహాయో_అక్క – జనవరి 11, ఉదయం 9:05

నేను చేశాను. పదేళ్లు దాటింది కాబట్టి కాగితాల సంగతి మాత్రం ఇప్పటి వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. మిగతాది చెప్తాను.

ముందు జేవన్ గారికి. వర్తించదండీ. అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నా కుదరదు. మన కాలనీలో ఇద్దరు ముగ్గురు టీచర్లు ఈ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయారు. లెక్కల వాళ్లకు ఎలాగూ లేదు. ఏడు నుంచి పన్నెండో తరగతి మధ్య అమెరికా చరిత్ర, గవర్నమెంట్, సివిక్స్ చెప్పేవాళ్లకే.

ఇప్పుడు టీచరమ్మకి. ఇది ప్రైవేటు దాత పెట్టిన స్కాలర్‌షిప్ కాదు. 1986లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పెట్టిన ఫౌండేషన్. రాష్ట్రానికి కనీసం ఒకరిని తీసుకోవాలన్నది వాళ్ల పద్ధతి. అంటే నువ్వు పోటీ పడేది నీ రాష్ట్రంలోని టీచర్లతో. మీది టెక్సస్ కాబట్టి గుంపు పెద్దదే, ఆ మాట దాచను. డిగ్రీ చివర్లో ఉన్నవాళ్లని జూనియర్ ఫెలో అంటారు, వాళ్లు పూర్తికాలం చదివి రెండేళ్లలో ముగించాలి. నీలాగా ఇప్పటికే పాఠాలు చెప్తున్నవాళ్లు సీనియర్ ఫెలో. ఉద్యోగం చేసుకుంటూ ఐదేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. నేను నాలుగున్నరేళ్లు సాగదీశాను. మధ్యలో ఒక కాన్పు కూడా అయింది.

24 వేలు ఒకేసారి ఇవ్వరు. ఏడాదికి 12 వేలు మించదు. ఫీజులు, పుస్తకాలు, చదువు కోసం ఉండే చోటు, తిండి, వీటికే ఖర్చు పెట్టాలి. పన్ను సంగతి కూడా ఇప్పుడే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోకు. ఫీజుకి, పుస్తకాలకి పోయినదాని మీద పన్ను ఉండదు. వసతికి, తిండికి వాడినది మాత్రం ఆదాయం కింద లెక్కకొస్తుంది.

ఏ మాస్టర్స్ అయినా పనికిరాదు. రాజ్యాంగం ఎలా పుట్టింది, దాని చరిత్ర ఏమిటి అనేదాని మీద కనీసం 12 సెమిస్టర్ గంటల కోర్సులు అందులో ఉండాలి. "ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్" లాంటి డిగ్రీ పెట్టుకుని అందులో రెండు చరిత్ర కోర్సులు ఇరికిద్దామనుకుంటే కుదరదు. నేను మా రాష్ట్రంలోనే ఆష్‌లండ్ యూనివర్సిటీలో చేశాను. టీచర్ల కోసమే పెట్టిన అమెరికన్ చరిత్ర, ప్రభుత్వం మాస్టర్స్ అది. వారాంతాల్లో ఆన్‌లైన్, వేసవిలో క్యాంపస్.

ఇక షరతు. ఫెలోషిప్ మీద ఎన్నేళ్ల చదువు చదివితే అన్నేళ్లు బడిలో పాఠం చెప్పాలి. మానేస్తే డబ్బు వడ్డీతో కట్టాలి. కోడ్‌బాబు గారి టెస్టింగ్ ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇప్పుడే తేల్చుకో.

వేసవి ఇన్‌స్టిట్యూట్ గురించి సాయంత్రం రాస్తాను. దానికి వేరే పోస్టు కావాలి.


కోడ్‌బాబు – జనవరి 11, ఉదయం 9:31

నా పేరెందుకు లాగుతారక్కా, మంచికే చెప్పా 🙂 అయినా మాస్టర్స్ చేస్తే జీతం పెరుగుతుందా లేదా, అదొక్కటి చెప్పండి.


ఒహాయో_అక్క – జనవరి 11, ఉదయం 9:40

డిస్ట్రిక్టుని బట్టి ఉంటుంది. మా దగ్గర జీతాల పట్టీలో ఒక మెట్టు ఎక్కుతాం. టెక్సస్‌లో చాలాచోట్ల పెరిగేది కొద్దే అని విన్నాను. జీతం కోసమైతే చేయొద్దనే నా సలహా కూడా.


నిర్వాహకుడు – జనవరి 11, మధ్యాహ్నం 12:10

టీచింగా, ఐటీనా అనే వాదానికి వేరే థ్రెడ్ ఉంది, 214 పోస్టులతో ఇంకా నడుస్తోంది. దయచేసి అక్కడికి.


చాక్‌పీస్_మాస్టారు – జనవరి 11, రాత్రి 11:50, భారత కాలమానం

తెలంగాణలో ఒక జడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ సోషల్‌ని. ఈ ఫెలోషిప్ మనకు కాదని తెలిసినా చదువుతున్నాను, ఎందుకంటే టీచరమ్మ గారి వెనక బెంచీ పిల్ల లాంటి పిల్లలు మాకూ ఉన్నారు.

మా దగ్గర సివిక్స్ అంటే సోషల్ పేపర్లో ఒక ముక్క. జాగ్రఫీ మ్యాప్ పాయింటింగ్ ప్రాక్టీసు అయ్యాక, చరిత్రలో తేదీలు అయ్యాక, ఎకనామిక్స్ పట్టికలు అయ్యాక మిగిలిన పీరియడ్లు పౌరశాస్త్రానికి. పుస్తకం మొదట్లో ప్రవేశిక అచ్చువేసి ఉంటుంది. నవంబర్ 26న అసెంబ్లీలో నిలబెట్టి చదివిస్తాం. "సార్వభౌమాధికారం" దగ్గర సగం మంది నాలుక మడత పడుతుంది, అందరూ నవ్వుతారు, అయిపోతుంది. లెక్కలు, సైన్సు వాళ్లకి ట్రైనింగులు వస్తాయి, కిట్లు వస్తాయి. రాజ్యాంగం చెప్పేవాడికి కూడా ఏదైనా నేర్చుకోవాల్సింది ఉంటుందని ఎవరికీ తోచదు. ఎవరైనా చెప్పొచ్చు అనుకుంటారు. ఆఖరికి పీఈటీ సార్‌కి కూడా ఒక ఏడాది ఆ పీరియడ్లు వేశారు.

అందుకే ఒక దేశం చట్టం చేసి మరీ సివిక్స్ టీచర్‌ని చదివిస్తోందంటే వింతగా ఉంది, కొంచెం కుళ్లు కూడా ఉంది. అక్కా, వేసవి సంగతి రాయండి.


ఒహాయో_అక్క – జనవరి 11, రాత్రి 9:30

మాస్టారూ, మీకోసమే పిల్లల్ని పడుకోబెట్టి కూర్చున్నా.

మా బ్యాచ్‌కి వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో నాలుగు వారాలు. రకరకాల రాష్ట్రాల టీచర్లు. అలాస్కా ఆయన ఒకడు, మిసిసిపీ ఆవిడ ఒకరు. పొద్దున లెక్చరు, మధ్యాహ్నం చర్చ, రాత్రి చదువు. విహారయాత్ర అనుకుని వెళ్లాను, రెండో రోజుకే ఆ మత్తు దిగింది. ఆరు గ్రాడ్యుయేట్ క్రెడిట్లు ఇస్తారు. టీచరమ్మా, నీ యూనివర్సిటీ ఆ క్రెడిట్లని డిగ్రీలో కలుపుతుందా లేదా ముందే అడిగి ఈమెయిల్‌లో రాయించుకో. నోటి మాట నమ్మకు.

అక్కడ మేము ఎక్కువగా చదివింది మాడిసన్ రాసుకున్న నోట్సు. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లలో ఆయనొకడు. 1787లో అది రాయడానికి ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో మే నుంచి సెప్టెంబర్ దాకా తలుపులు మూసుకుని కూర్చున్నారు. వచ్చిపోయిన ప్రతినిధులు మొత్తం 55 మంది, చివరికి సంతకం పెట్టింది 39 మంది. లోపలి మాట బయట చెప్పకూడదని నియమం. మాడిసన్ ముందు వరసలో కూర్చుని ఎవరేమన్నారో పొడి పొడిగా రాసుకుని తర్వాత బసలో సాపు చేసుకునేవాడు. అవి అచ్చయింది 1840లో, ఆయన పోయిన నాలుగేళ్లకి.

ఇప్పుడు నీ వెనక బెంచీ పిల్ల ప్రశ్నకి జవాబు. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, పేర్లతో సహా ఉన్నారు. ఆగస్టు 8 నాటి నోట్సు తీయి. పెన్సిల్వేనియా ప్రతినిధి గవర్నర్ మోరిస్ లేచాడు. గవర్నర్ అనేది పదవి కాదు, ఆయన పేరే అది, పిల్లలు తప్పకుండా అడుగుతారు. సీట్ల లెక్కలో "నివాసులు" అనే మాటకు ముందు "స్వేచ్ఛ గల" అని చేర్చమన్నాడు. బానిసల్ని ఏ లెక్కన కలుపుతారు, మనుషులుగానా, మరి అలాగైతే ఓటు ఇవ్వండి, ఆస్తిగానా, మరి మిగతా ఆస్తుల్ని ఎందుకు లెక్కపెట్టరు అని నిలదీశాడు. ఓటింగు పెడితే పదకొండు రాష్ట్రాల్లో ఒక్క న్యూజెర్సీ తప్ప పది రాష్ట్రాలు కాదన్నాయి. ఆయన సొంత పెన్సిల్వేనియా కూడా కాదనే అంది.

ఇంకో తమాషా. ఆ ఐదింట మూడు వంతుల లెక్కని జూన్ 11న ప్రతిపాదించింది దక్షిణాది భూస్వామి అనుకుంటాం కదా. కాదు, అదే పెన్సిల్వేనియాకి చెందిన జేమ్స్ విల్సన్. సౌత్ కరోలినా పింక్నీ బలపరిచాడు. విల్సన్ కొత్తగా కనిపెట్టిందీ కాదు, అంతకు నాలుగేళ్ల ముందు పన్నుల వాటాల కోసం పాత కాంగ్రెస్ ప్రతిపాదించిన నిష్పత్తి అది. అక్కడ్నించి ఎత్తి ఇక్కడ పెట్టారు. పాఠ్యపుస్తకం "ఉత్తరం, దక్షిణం రాజీ పడ్డాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

మాడిసన్‌నీ వదల్లేదు మేము. మనుషులు ఆస్తి కాగలరన్న ఊహనే రాజ్యాంగంలోకి రానివ్వడం తప్పని సభలో అన్నది ఆయనే, ఆగస్టు 25 నాటి నోట్సులో ఉంది. వర్జీనియాలో ఆయన ఇల్లు మాంట్‌పెలియర్. అక్కడ వంద మందికి పైగా బానిసలు. చనిపోతూ వీలునామాలో కూడా వాళ్లని విడిచిపెట్టలేదు. మేం ఆ ఇంటికి వెళ్లాం. ఆయన చనిపోయేటప్పుడు పక్కనే ఉన్న పాల్ జెన్నింగ్స్ ఆయన బానిసే. తర్వాత స్వేచ్ఛ సంపాదించుకుని తన జ్ఞాపకాలు రాశాడు, 1865లో అచ్చయ్యాయి. ఎవరి పేరు మీద ఫెలోషిప్ ఇచ్చారో ఆయన ఇంట్లోనే నిలబెట్టి ఇదంతా మాట్లాడనిచ్చారు. ఆ సాయంత్రం బస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.


టెక్సస్_టీచరమ్మ – జనవరి 12, ఉదయం 5:55

అక్కా, స్కూలుకి వెళ్లే ముందు చదివాను, ఉప్మా మాడింది. ఆగస్టు 8 పేజీ ప్రింటు తీసుకున్నాను. రెండో పీరియడ్‌లోనే ఆ పిల్ల చేతిలో పెడతాను.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇంతకుముందు సిగ్గేసి రాయలేదు. మొదటి ఏడాది ఒక తండ్రి వచ్చి, ఎంతో మర్యాదగానే, "మీరు ఇక్కడ పుట్టలేదు కదా, మా రాజ్యాంగం పిల్లలకి ఎలా చెప్తారు?" అన్నాడు. నవ్వేసి ఏదో చెప్పాను. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వంద ప్రశ్నలు బట్టీపట్టి పదికి ఆరు చెప్తే చాలన్నారు, ఆరు వరసగా చెప్పి బయటపడ్డాను. ఆ వంద ప్రశ్నలకు మించి నాకు తెలిసింది ఎంత అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అప్లికేషన్ వ్యాసంలో ఇది రాయొచ్చా? జాలి కోసం రాసినట్టు ఉంటుందేమో.


గోదారి_ప్లీడరు – జనవరి 12, రాత్రి 8:15, భారత కాలమానం

రాజమండ్రిలో నలభై ఏళ్లు ప్రాక్టీసు చేసి ఇప్పుడు మనవల్ని ఆడిస్తున్నవాణ్ణి. నడుమ దూరుతున్నందుకు క్షమించాలి.

తల్లీ, "మా రాజ్యాంగం" అన్న ఆ పెద్దమనిషికి ఒక కథ చెప్పాల్సింది. చాక్‌పీస్ మాస్టారికీ పనికొస్తుంది.

మన రాజ్యాంగ సభకి సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికా వెళ్లారు. అక్కడ సుప్రీంకోర్టు జడ్జి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిశారు. అప్పటికి మన చిత్తుప్రతిలో, వ్యక్తి స్వేచ్ఛని తీసేయాలంటే "డ్యూ ప్రాసెస్", అంటే న్యాయమైన పద్ధతి, పాటించాలి అని అమెరికా వాళ్ల మాటే ఉంది. ఫ్రాంక్‌ఫర్టర్ వద్దన్నాడు. ఆ మాట చేతికిస్తే జడ్జీలు శాసనసభలు చేసిన చట్టాల్ని కొట్టేస్తూ కూర్చుంటారన్నాడు. ఆయన భయం ఊరికే పుట్టలేదు. 1905లో న్యూయార్క్ రాష్ట్రం రొట్టెల బట్టీల కార్మికుల చేత రోజుకి పది గంటలకు మించి పని చేయించకూడదని చట్టం చేస్తే, వాళ్ల సుప్రీంకోర్టు అదే డ్యూ ప్రాసెస్ పేరు చెప్పి కొట్టేసింది. లాక్నర్ కేసు అంటారు.

రావుగారు తిరిగొచ్చాక డ్రాఫ్టింగ్ కమిటీ ఆ మాట తీసేసి "చట్టం నిర్దేశించిన విధానం" అని పెట్టింది, జపాన్ రాజ్యాంగంలో ఉన్నట్టు. ఇదే మన 21వ అధికరణ. సభలో గొడవ లేచింది. 1948 డిసెంబర్ 6న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మన నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టినాయన, మార్పుని సమర్థిస్తూ అమెరికా కోర్టులు ఏం చేశాయో విడమరిచి చెప్పారు. ఇంకో సభ్యుడు కె.ఎం. మున్షీ ఎదురు వాదించారు, డ్యూ ప్రాసెస్ ఉండాల్సిందే, లేకపోతే మెజారిటీ ఉన్న ప్రభుత్వం ఏ చట్టమైనా చేసి మనుషుల్ని లోపల వేస్తుందని. డిసెంబర్ 13న అంబేడ్కర్ లేచి రెండు వైపులా ఉన్న ప్రమాదం చెప్పి, తాను ఎటూ చెప్పలేనని సభకే వదిలేశారు. అంతటి మనిషి! సభ అల్లాడి వైపే నిలిచింది. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి మరుసటి ఏడాది 22వ అధికరణ వచ్చింది.

చూశారా, అమెరికా వాళ్ల మాట ఒకటి తెచ్చుకున్నాం, వాళ్ల జడ్జి సలహా మీదే తీసేశాం, ఈ తీసేసే వాదం సభలో నెగ్గించినవాళ్లలో ఒకాయన మన నెల్లూరాయన. నీ క్లాసులో ఇది చెప్పడానికి నీకంటే తగినవాళ్లు ఎవరమ్మా?

మాస్టారూ, ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకున్నారని అక్క చెప్పింది. మన దగ్గర గ్యాలరీలు తెరిచే ఉన్నాయి, ప్రతి మాటా అచ్చులో ఉంది. చిత్తుప్రతి మీద 7,635 సవరణలు వచ్చాయి, వాటిలో 2,473 సభలో ప్రతిపాదించారు. మా ఊరి ఆడపడుచు దుర్గాబాయి గారు లేచి మాట్లాడిన రోజులు కూడా అందులో ఉన్నాయి. ఫెలోషిప్ ఇచ్చేవాళ్లు లేకపోయినా పుస్తకం ఉంది. ఇంటర్నెట్‌లో ఉచితం.


చాక్‌పీస్_మాస్టారు – జనవరి 12, రాత్రి 9:40, భారత కాలమానం

ప్లీడరు గారూ, పాదాభివందనం. ఇరవై ఏళ్లుగా 21వ అధికరణ అంటే "జీవించే హక్కు" అని బోర్డు మీద రాసి అడుగున గీత గీస్తున్నాను. దాని వెనక ఇంత రభస ఉందని ఇవాళే తెలిసింది. డిసెంబర్ 6, 13 చర్చలు దొరికాయి. ఇంగ్లీషు బరువుగా ఉంది. నేనే తెలుగులో రెండు పేజీలకి కుదించి తొమ్మిదో తరగతి చేత సభ పెట్టిస్తా.


జేవన్_లెక్కలు – జనవరి 13, ఉదయం 6:05

మాస్టారూ, మీకు మాడిసన్ కాదు గానీ ఫుల్‌బ్రైట్ టీఈఏ అని ఒకటుంది, విన్నారా? హైస్కూలు టీచర్లకి ఆరు వారాలు అమెరికా యూనివర్సిటీలో. సోషల్ చెప్పేవాళ్లు కూడా అర్హులే. టికెట్టు, వసతి, భత్యం అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఇక్కడి హైస్కూల్లో కూర్చుని క్లాసులు చూడటం కూడా అందులో భాగం. ఇండియాలో ఫుల్‌బ్రైట్ వ్యవహారాలు చూసే యూఎస్‌ఐఈఎఫ్ అనే సంస్థ ద్వారా అప్లై చేయాలి. ఈ ఏడాది నోటిఫికేషన్ ఉందేమో వాళ్ల సైట్‌లో చూడండి.


చాక్‌పీస్_మాస్టారు – జనవరి 13, సాయంత్రం 6:30, భారత కాలమానం

విన్నానండీ. ఒకసారి ప్రయత్నించా కూడా. అప్లికేషన్ రాయడానికి పది రోజులు, అనుమతి కాగితానికి మూడు నెలలు. ఫైలు ఒక టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్ మీదకి కదిలింది, మళ్లీ మొదటి టేబుల్‌కి వచ్చింది. "సోషల్ మాస్టారు అమెరికా పోయి ఏం నేర్చుకుంటాడయ్యా" అని ఒకాయన నా ముందే అన్నాడు. గడువు దాటాక సంతకం అయింది. ఏ ఆఫీసో చెప్పను, రిటైరయ్యేదాకా అక్కడికే తిరగాలి. ఈసారి నోటిఫికేషన్ రాకముందే కాగితం సిద్ధం చేయించుకుంటా.


ఒహాయో_అక్క – జనవరి 14, రాత్రి 10:20

టీచరమ్మ అడిగిన వ్యాసం సంగతి మర్చిపోలేదు, గ్రేడింగులో మునిగాను.

ఆ తండ్రి మాట రాయొచ్చు. కానీ దాంతో మొదలుపెట్టకు. దాంతో మొదలుపెడితే చదివేవాళ్లకి నీ గాయం గుర్తుంటుంది, నీ క్లాసు గుర్తుండదు. వెనక బెంచీ పిల్లతో మొదలుపెట్టు. "ఎవరు?" అని అడిగింది, నాకు తెలియలేదు, ఇదిగో ఇప్పుడు ఆగస్టు 8 పేజీ తీశాను, ఇంకా నాకు తెలియనివి ఇవి, వాటికోసం ఫలానా కోర్సులు చదువుతాను. అంతే. నా మొదటి చిత్తులో "ప్రజాస్వామ్యానికి పునాది" అనే మాట నాలుగు సార్లు ఉంది. మా ప్రిన్సిపాల్ ఎర్ర పెన్నుతో నాలుగూ కొట్టేసి, "నీ క్లాసులో ఏం జరిగిందో చెప్పు" అని రాసింది.

చదువు ప్రణాళిక దగ్గర చాలామంది తడబడతారు. ఏ యూనివర్సిటీ, ఏ డిగ్రీ, 12 గంటలు ఏ ఏ కోర్సులతో పూర్తవుతాయి, ఇవన్నీ కోర్సు పేర్లతో రాయాలి. క్యాటలాగ్ ముందు పెట్టుకుని కూర్చో. సిఫార్సు లేఖలు ఇచ్చేవాళ్లకి కనీసం నెల ముందు చెప్పు. ఫిబ్రవరిలో ఏ టీచరూ మనిషిలా ఉండదు.

ఈ ఏడాది రాకపోతే మళ్లీ పెట్టొచ్చు. నాకు రెండోసారికి వచ్చింది. మొదటిసారి రాలేదని మా అమ్మకి చెప్తే, "పోనీలే, రాజ్యాంగం ఎక్కడికి పోతుంది" అంది.


టెక్సస్_టీచరమ్మ – ఫిబ్రవరి 9, రాత్రి 11:50

బతికే ఉన్నాను. మా ఆయన వంట నేర్చుకున్నాడు, పప్పు ఒక్కటే, రోజూ పప్పే.

వ్యాసం అయింది. కోర్సులు తేలాయి. ఇద్దరి లేఖలు వచ్చాయి, మూడోది రావాలి. అసలు నరకం ట్రాన్స్‌క్రిప్టులు. నేను డిగ్రీ చేసిన చోటికి ఫోన్ చేస్తే స్వయంగా రావాలన్నారు. అమెరికాలో ఉన్నానంటే, "అయితే మీ నాన్నగారిని పంపండి" అన్నారు. నాన్న వెళ్తే ఆథరైజేషన్ లెటర్ కావాలన్నారు. లెటర్ పంపితే దానిమీద నోటరీ కావాలన్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి మూడుసార్లు బస్సెక్కి వెళ్లాడు. మూడోసారి కవర్ మీద సీలు వేయడానికి లక్క లేదని రేపు రమ్మన్నారట. నాన్న బయటికెళ్లి లక్క కొనుక్కొచ్చి ఇచ్చాడు.


గోదారి_ప్లీడరు – ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 12:00, భారత కాలమానం

మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఆయన కదమ్మా అసలు ఫెలో.


టెక్సస్_టీచరమ్మ – ఫిబ్రవరి 27, రాత్రి 1:15

పంపేశాను. రెండు రోజుల ముందే!

ఆ పిల్ల సంగతి చెప్పలేదు కదూ. ఆగస్టు 8 పేజీ ఇచ్చిన రోజు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు వచ్చి, "మిస్, న్యూజెర్సీ ఒక్కటే ఎందుకు ఔనంది?" అని అడిగింది. మళ్లీ నాకు తెలియదు. ఈసారి ఇద్దరం కలిసి వెతుకుతున్నాం. ఒహాయో అక్కా, మీకు తెలిస్తే ఇప్పుడే చెప్పకండి.


ఒహాయో_అక్క – ఫిబ్రవరి 27, ఉదయం 7:10

నోరు మూసుకున్నా.


చాక్‌పీస్_మాస్టారు – మార్చి 2, రాత్రి 8:30, భారత కాలమానం

మా సభ అయిపోయింది. తొమ్మిదో తరగతి, 42 మంది. బెంచీలు గుర్రపునాడా ఆకారంలో వేశాం. హెచ్ఎం గారు అధ్యక్షస్థానంలో, మెడలో తువ్వాలుతో. మున్షీ వేసిన కుర్రాడు రెండే వాక్యాలు చెప్పి కూర్చున్నాడు గానీ అల్లాడి వేసిన అమ్మాయి ఇరగదీసింది. రొట్టెల బట్టీ కార్మికుల కథ మొత్తం చెప్పి, "జడ్జీలని మనం ఎన్నుకున్నామా, అధ్యక్షా?" అని బల్ల గుద్దింది. అంబేడ్కర్ వేసినవాడు ఎటూ చెప్పనని కూర్చుంటే పిల్లలు ఊరుకోలేదు, చెప్పాల్సిందేనని గోల.

ఓటింగు పెట్టాం. డ్యూ ప్రాసెస్‌కి 23, చట్టం చెప్పిన విధానానికి 19. కారణం అడిగితే ఒకడు, "పోయినేడు మా బాబాయిని స్టేషన్‌లో రెండు రోజులు కూర్చోబెట్టారు సార్, ఏ విధానమో ఎవరూ చెప్పలేదు" అన్నాడు. నేనేమీ అనలేకపోయా.

అల్లాడి వేసిన అమ్మాయి ఓడిపోయినందుకు నాతో మాట్లాడటం లేదు. ఓటింగు నేనే సరిగ్గా లెక్కపెట్టలేదట.


గోదారి_ప్లీడరు – మార్చి 2, రాత్రి 9:05, భారత కాలమానం

ఆ అమ్మాయికి చెప్పండి మాస్టారూ, అసలు సభలో గెలిచింది ఆవిడే అని. 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ డ్యూ ప్రాసెస్ వైపే మొగ్గిందని మాత్రం ఇప్పుడే చెప్పకండి. రెండు రోజులు ఆనందంగా ఉండనివ్వండి.